ఒకే బిల్డింగు, ఒకే కొలత ఫ్లాట్లు... కరెంటు యూనిట్లు మాత్రం మూడింతలు తేడా. ఎందుకంటారు?

నిజాంపేట_సెక్రటరీ | మే 11, రాత్రి 9:42

నమస్తే అండి. హైదరాబాద్‌లో ఒక ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌కి నేను అసోసియేషన్ సెక్రటరీని. జీతం లేదు, తిట్లు మాత్రం నెలనెలా ఠంచనుగా అందుతాయి. మొత్తం 20 ఫ్లాట్లు, అన్నీ టూ బీహెచ్‌కేలే, ఒకే బిల్డరు, ఒకే ప్లాను. మీటర్లన్నీ సెల్లార్‌లో ఒకే బోర్డు మీద ఉంటాయి. బిల్లు కొట్టే అబ్బాయి స్లిప్పులన్నీ వాచ్‌మన్ చేతిలో పెట్టి వెళ్తాడు, ఇంటింటికీ పంచడం నా వంతు.

ఈ నెల పంచుతూ పంచుతూ ఊరికే యూనిట్లు చూశాను. 203 వాళ్ళవి 131. సరిగ్గా వాళ్ళ నెత్తిన ఉన్న 303 వాళ్ళవి 402. రెండిళ్ళలోనూ నలుగురేసి మనుషులు. ఏసీ ఒక్కొక్కటే, ఫ్రిజ్ ఒక్కొక్కటే. గోడలు అవే, కిటికీలు అవే, పడమటి ఎండ కూడా ఇద్దరికీ సమానమే. మరి ఈ 271 యూనిట్లు ఎటు పోతున్నాయి?

మావి 287. మా నాన్నగారి సిద్ధాంతం ఒకటే: "లైట్లు ఆర్పరు, అందుకే." రోజంతా మా వెనకాలే తిరుగుతూ స్విచ్చులు కట్టేస్తుంటారు. ఒకసారి నేను బాత్రూమ్‌లో ఉండగానే కట్టేశారు. ఆయన చెప్పేది నిజమేనా? తెలిసినవాళ్ళు చెప్పండి.

లైన్‌మన్_కొడుకు | మే 11, రాత్రి 10:15

సెక్రటరీ అన్నా, మనుషులను అనుమానించే ముందు వైరింగును అనుమానించాలె. మా బాపు ముప్పై ఏండ్లు పోల్ ఎక్కిండు, ఆయన చెప్పే మొదటి మాట ఇదే. ఇంట్ల మెయిన్ బంద్ చేసి కిందికి పోయి మీటర్ చూడు. ఎర్ర లైటు ఇంకా మిణుకుమంటుంటే మీటర్‌కు, ఇంటికి నడుమ ఎక్కడనో లీక్ ఉన్నట్టు. లేకపోతే మీ వైరుకు ఇంకొకరి వైరు కలిసినట్టు. అపార్ట్‌మెంట్లల్ల ఇది మస్తు చూసిన, ఒకరి గీజర్ ఇంకొకరి మీటర్ మీద నడుస్తుంటది.

అది అయినంక లెక్క. మీటర్ మీద 'ఇంప్' అని ఒక నంబరు రాసుంటది, శాన మీటర్ల మీద 3200. అంటే ఆ ఎర్ర లైటు 3200 సార్లు కొట్టుకుంటే ఒక యూనిట్. ఫోన్‌ల స్టాప్‌వాచ్ పెట్టి రెండు మిణుకుల నడుమ ఎన్ని సెకండ్లో చూడు. 1125ను ఆ సెకండ్లతోని భాగించు, ఇంట్ల అప్పుడు ఎన్ని వాట్లు నడుస్తున్నయో వస్తది. పది సెకండ్లకు ఒకటి కొడితే 112 వాట్లు. సెకండుకొకటి కొడితే 1125. మీ మీటర్ మీద ఇంకో నంబరు ఉంటే 36 లక్షలను దానితోని భాగించి, 1125 జాగల ఆ వచ్చింది పెట్టుకో. పైస ఖర్చు లేదు.

పద్మజ_కాకినాడ | మే 12, ఉదయం 6:50

సెక్రటరీ గారూ, "నలుగురేసి మనుషులు" అని ఒక్క మాటలో తేల్చేశారు. పగలంతా ఇంట్లో ఎవరుంటారో చూశారా? తలుపుకి తాళం పడే ఇల్లూ, పెద్దవాళ్ళు పగలంతా ఉండే ఇల్లూ ఒకటెలా అవుతాయండీ? మా ఇంట్లో మామయ్యగారు హాల్లో, అత్తయ్యగారు పూజగదిలో, నేను వంటింట్లో. మూడు ఫ్యాన్లు ఒకేసారి తిరుగుతాయి. అదే సాయంత్రం అందరం టీవీ ముందు కూర్చుంటే ఒక్కటే.

నిజాంపేట_సెక్రటరీ | మే 12, ఉదయం 9:05

లైన్‌మన్ తమ్ముడూ, పొద్దున్నే మెయిన్ ఆపి చూశాను, లీకేమీ లేదు. 303 వాళ్ళని కూడా బతిమాలి చూపించమన్నాను. అక్కడా లేదు.

పద్మజ గారూ, మీరన్నది పట్టుకున్నారు. 303లో ఒక పెద్దావిడ, ఇంటి నుంచి పనిచేసే అబ్బాయి ఉన్నారు. 203కి పొద్దున ఎనిమిదికల్లా తాళం. కానీ అంతటితో అయిపోలేదు. 201, 401 కూడా పగలు తాళాలే. ఒకరివి 148, ఇంకొకరివి 260.

సగటు_మనిషి | మే 12, మధ్యాహ్నం 1:20

మీరు సెల్లార్‌లో చేసిన పనే 1970ల్లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఏళ్ళ తరబడి చేశారు. నేను ఈ రంగంలోనే పనిచేస్తున్నాను కాబట్టి కొంచెం పొడుగ్గా చెప్తాను, ఓపిక పట్టండి.

న్యూజెర్సీలో ట్విన్ రివర్స్ అని ఒక కాలనీ. అచ్చు మీ ఫ్లాట్లలాగే, ఒకే ప్లానులో వరసగా కట్టిన ఇళ్ళు. రాబర్ట్ సోకొలో అనే భౌతికశాస్త్రవేత్త నాయకత్వంలో 1972లో పని మొదలుపెట్టారు. మరుసటి ఏడాదే చమురు సంక్షోభం వచ్చిపడింది, అప్పటిదాకా పట్టించుకోని వాళ్ళు కూడా వీళ్ళ వైపు తిరిగి చూశారు. అక్కడ చలికాలం ఇల్లు వెచ్చబెట్టుకోవడానికి గ్యాసు వాడతారు. ఒకే రకం ఇళ్ళ మధ్య ఆ గ్యాసు వాడకంలో రెండింతలకు పైగా తేడా కనిపించింది.

ఇక్కడ అసలు ప్రశ్న: తేడా ఇంటిదా, మనిషిదా? బిల్డరు ఒక ఇంట్లో పనివాళ్ళతో సరిగ్గా చేయించాడు, ఇంకో ఇంట్లో సందులు వదిలేశాడు అనుకోవచ్చు కదా. అందుకని ఇల్లు చేతులు మారిన చోట్ల చూశారు. పాతవాళ్ళు బాగా వాడిన ఇంట్లో కొత్తవాళ్ళు కూడా బాగా వాడితే తప్పు ఇంటిది. అలా జరగలేదు. కొత్త కాపురం వాడకానికీ పాత కాపురం వాడకానికీ పెద్దగా పోలిక లేదు. గోడలు అవే, కాపురం మారింది, లెక్క మారింది.

అలాగని ఇంటికి క్లీన్ చిట్ ఇవ్వలేదు. పొగగొట్టం చుట్టూ ఉన్న సందుల్లోంచి వేడి గాలి నేరుగా అటక మీదికి పోతోందని కనిపెట్టింది కూడా ఆ బృందమే. పుస్తకాల్లో లెక్క వేసిన దానికంటే అటక ద్వారా పోయే వేడి కొన్ని రెట్లు ఎక్కువని తేలింది.

నాకు అన్నిటికంటే నచ్చేది నీలి బల్బు ప్రయోగం. అదే కాలనీలో కొన్ని ఇళ్ళల్లో ఒక చిన్న నీలి దీపం బిగించారు. ఏసీ నడుస్తూ, బయట 20 డిగ్రీల కంటే చల్లబడితే అది మిణుకుమంటుంది. అంటే "కిటికీ తీస్తే సరిపోతుంది కదమ్మా" అని దాని భాష. ఏసీ ఆపితేనే ఆగుతుంది. దీంతో కరెంటు వాడకం 15 శాతానికి పైగా తగ్గింది. ఎవరూ నీతులు చెప్పలేదు, బిల్లు పెంచలేదు.

ఎడిసన్_కాదు_ఈస్ట్‌విండ్సర్ | మే 12, రాత్రి 8:31

ఆగండాగండి. ట్విన్ రివర్స్ అంటే మా ట్విన్ రివర్సేనా? ఈస్ట్ విండ్సర్‌లో, రూట్ 33 పక్కన? నేను ఆరేళ్ళు ఆ టౌన్‌హౌసుల్లోనే అద్దెకున్నాను! ఆ వరసల్లో మనవాళ్ళ ఇళ్ళు ఎన్నో, సాయంత్రం నడకకెళ్తే ఇంగువ పోపు వాసన వస్తుంది. మేము పరిశోధనశాలలో కాపురం పెట్టామని ఇప్పుడే తెలిసింది.

ఆ పరిశోధకులు రెండు కుటుంబాలను పోల్చారు, మా ఇంట్లో ఒకే కుటుంబం చాలు. నేను థర్మోస్టాట్ 68 మీద పెడతాను (ఫారన్‌హీట్ అండి, కంగారు పడకండి). మా ఆవిడ 72. డిసెంబర్‌లో అమ్మ వచ్చినప్పుడు 76. "ఇంత ఇల్లు కట్టుకుని చలికి వణకడమేంట్రా" అంటుంది. అమ్మ ఉన్న మూడు నెలలూ గ్యాసు బిల్లు చూస్తే ఇల్లు అమ్మి వేరేవాళ్ళు కొనుక్కున్నట్టే ఉంటుంది.

పైసా_వసూల్ | మే 12, రాత్రి 10:02

అమెరికా కథలు బాగున్నాయి గానీ ఇక్కడ మనిషి ప్రవర్తన అంతా ఒక్క అంకె చుట్టూ తిరుగుతుంది. 200.

తెలంగాణ 2022-23 టారిఫ్ తీసుకోండి. 200 యూనిట్లు కాలిస్తే మొదటి వంద 3.40 చొప్పున, రెండో వంద 4.80 చొప్పున, మొత్తం 820 రూపాయలు. 201 కాలిస్తే కేటగిరీయే మారిపోతుంది. మొదటి 200 యూనిట్లకీ 5.10 పడుతుంది, ఆ పైదానికి 7.70. మొత్తం 1027.70. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయలు! ఫిక్స్‌డ్ ఛార్జీలు, డ్యూటీ కలపకుండానే.

గృహజ్యోతి ఉన్నవాళ్ళకైతే ఇంకా ఘోరం. 2024 మార్చి నుంచి 200 దాకా జీరో బిల్లు. 201 అయితే మొత్తం బిల్లు కట్టాలి. మా పక్కింటాయన నెలాఖరు వారం రోజూ పొద్దున్నే మీటర్ దగ్గరికి వెళ్ళి దేవుడికి దణ్ణం పెట్టుకున్నట్టు నిలబడతాడు. 190 దాటితే ఇస్త్రీ పెట్టె అటకెక్కుతుంది.

సగటు_మనిషి | మే 12, రాత్రి 10:40

పక్కింటాయన మీద ఎవరైనా పేపర్ రాయాలి. ధర ఇలా మెట్టులా ఎగిరేచోట జనం సరిగ్గా ఆ మెట్టుకు ముందు గుమిగూడతారు. ఆదాయపు పన్నులోనూ ఇదే కనిపిస్తుంది. కాకపోతే ఒక షరతు: ఆ మెట్టు ఎక్కడుందో, తను ఎక్కడున్నాడో మనిషికి తెలియాలి. మీ పక్కింటాయనకి తెలుసు. సెక్రటరీ గారి 20 ఇళ్ళలో ఎందరికి తెలుసు?

బెజవాడ_బుల్లోడు | మే 13, ఉదయం 7:15

మా ఏపీలో ఈ ఒక్క యూనిట్ దెబ్బ లేదండోయ్. 2022లో మార్చాక అందరికీ ఒకే నిచ్చెన. 30 దాకా 1.90, 75 దాకా 3.00, 125 దాకా 4.50, 225 దాకా 6.00, 400 దాకా 8.75, ఆపైన 9.75. మెట్టు దాటితే ఆ దాటిన యూనిట్‌కే కొత్త రేటు, కిందవాటికి పాత రేటే. కానీ మా వాళ్ళల్లో సగం మంది ఇప్పటికీ "స్లాబ్ మారితే మొత్తానికీ పడుద్ది" అనే అనుకుంటారు. మా బావమరిదితో ఈ విషయం మీద పందెం కూడా కాశాను. లెక్క చూపించినా డబ్బులివ్వలేదు.

బెజవాడ ఎండల్లో ఏసీ లేకుండా 225 లోపు ఉండమనడం వేరే సంగతి. మా ఇంట్లో ఏసీ 16 మీద పెడితేగానీ గది త్వరగా చల్లబడదు.

లైన్‌మన్_కొడుకు | మే 13, ఉదయం 7:40

బుల్లోడన్నా, 16 మీద పెడితే జల్ది చల్లబడదే. మామూలు ఏసీకి కంప్రెసర్ నడుసుడు, ఆగుడు రెండే తెలుసు. 24 పెట్టినా 16 పెట్టినా నడిచినంతసేపు ఒకే జోరు. 16 పెడితే ఆగనే ఆగదు, అంతే తేడా. నువ్వు నిద్రపోయి దుప్పటి కప్పుకున్నంక గూడ నడుస్తనే ఉంటది.

సగటు_మనిషి | మే 13, ఉదయం 11:10

బుల్లోడు గారు ఒంటరివారు కాదు. 1980ల్లో విల్లెట్ కెంప్టన్ అనే మానవశాస్త్రవేత్త అమెరికా ఇళ్ళకు వెళ్ళి థర్మోస్టాట్ ఎలా పనిచేస్తుందనుకుంటున్నారని అడిగి రాసుకున్నాడు. రెండు రకాల జవాబులొచ్చాయి. కొందరు అది కొలత చూసి ఆగే యంత్రం అన్నారు. కొందరు అది కుళాయి లాంటిది, ఎక్కువ తిప్పితే ఎక్కువ వస్తుంది అన్నారు. కుళాయి సిద్ధాంతం ఇంజినీరింగ్ ప్రకారం తప్పు. కానీ కెంప్టన్ వాళ్ళని వెక్కిరించలేదు. గ్యాసు పొయ్యి, కారు యాక్సిలరేటర్, బాత్రూమ్ నల్లా అన్నీ అలాగే పనిచేస్తాయి కదా, థర్మోస్టాట్ కూడా అంతేననుకోవడంలో వింతేముంది? పైగా ఆ తప్పు సిద్ధాంతంతోనే వాళ్ళు ఇల్లు బాగానే నడుపుకుంటున్నారు, కొన్నిసార్లు పొదుపుగా కూడా.

ఇక్కడ మన బీఈఈ (కరెంటు వస్తువులకు స్టార్ లేబుళ్ళు ఇచ్చే కేంద్ర సంస్థ) వాళ్ళు జనాన్ని ఒప్పించే పని పక్కన పెట్టి యంత్రాన్నే మార్చారు. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవ్వాలని రూలు. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని వాళ్ళ లెక్క.

కంప్రెసర్_కృష్ణ | మే 13, మధ్యాహ్నం 12:05

చిన్న సవరణ. ఏసీ మెకానిక్‌ని కాబట్టి ఊరుకోలేను. లైన్‌మన్ తమ్ముడు చెప్పింది పాత ఫిక్స్‌డ్ స్పీడ్ ఏసీలకి నూటికి నూరుపాళ్ళు నిజం. ఇన్వర్టర్ ఏసీ అలా కాదు, సెట్ చేసిన డిగ్రీకి దగ్గరపడే కొద్దీ స్పీడు తగ్గిస్తుంది. 16 పెడితే చివర్లో ఆ తగ్గించడం ఉండదు, కాబట్టి ఆఖరి రెండు డిగ్రీలు కాస్త త్వరగా దిగొచ్చు. బుల్లోడు గారి మాటలో వీసమెత్తు నిజముంది. కానీ ఇన్వర్టర్ కొని 16లో పెట్టేవాడు స్కూటీ కొని తోసుకెళ్ళినట్టే. నా దగ్గరికొచ్చే "కూలింగ్ లేదు" కంప్లయింట్లలో చాలావాటికి మందు ఫిల్టర్ కడగడం. అది అడిగితే ఎవరూ కడిగుండరు, రిమోట్ మాత్రం అరిగిపోయుంటుంది.

నిజాంపేట_సెక్రటరీ | మే 24, రాత్రి 9:30

పది రోజులు కనబడలేదు, ఎందుకంటే కొలుస్తున్నాను. ప్లగ్గులో పెట్టే చిన్న మీటర్ ఒకటి కొన్నాను. దానికి ఎక్కనివి (గీజర్, ఏసీ, ఫ్యాన్లు) లైన్‌మన్ తమ్ముడి మిణుకుల లెక్కతో చూశాను. సెల్లార్‌లో స్టాప్‌వాచ్ పట్టుకుని, పైనున్న మా అబ్బాయికి ఫోన్లో "ఇప్పుడు గీజర్ వెయ్యి, ఇప్పుడు ఆపెయ్యి" అని అరుస్తుంటే వాచ్‌మన్ నన్ను చూసిన చూపు మర్చిపోలేను.

నెల మొత్తానికి మా 287 ఇలా విడిపోయాయి, సుమారుగా:
ఏసీ 95
ఫ్యాన్లు 80
ఫ్రిజ్ 58 (పన్నెండేళ్ళది)
గీజర్ 24
టీవీ, సెట్‌టాప్ బాక్సు 13
లైట్లు 7
మిగతావి ఇస్త్రీ, మిక్సీ, వాషింగ్ మెషీన్

లైట్లు ఏడు! అన్నీ తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీలు. ఇంట్లో పదేళ్ళుగా జరుగుతున్న కురుక్షేత్రం నెలకి ఏడు యూనిట్ల మీద. అటు వేసవిలో కూడా వేడినీళ్ళు కావాలని తెల్లారుజామున ఐదింటికి గీజర్ వేసి ఏడింటిదాకా వదిలేసేది ఎవరనుకున్నారు? స్విచ్చులు కట్టేసే ఆయనే. ఈ కాగితం ఆయనకి ఎలా చూపించాలో తెలియడం లేదు.

పద్మజ_కాకినాడ | మే 24, రాత్రి 10:10

చూపించకండి. పెద్దాయన వేడినీళ్ళ మీద లెక్కలు వేయకండి, పాపం.

అసలీ పెద్దవాళ్ళకి లైట్ల పట్టింపు ఎందుకో నాకు అర్థమవుతుంది. వాళ్ళ రోజుల్లో ఇంట్లో ఉన్నవి నాలుగు అరవై వాట్ల బల్బులు, ఒక ఫ్యాను, ఒక రేడియో. అప్పుడు బిల్లంటే నిజంగానే లైట్లే. బల్బులు మారాయి, అలవాటు మిగిలింది.

సగటు_మనిషి | మే 25, ఉదయం 10:00

పద్మజ గారి మాటకి ఇంకో ముక్క. లైటు కనబడుతుంది, వేడినీళ్ళు గోడ వెనక ఉంటాయి. షాజీన్ అత్తారి బృందం 2010లో అమెరికాలో 505 మందిని అడిగింది: ఏ వస్తువు ఎంత కరెంటు తింటుంది, పొదుపు చేయాలంటే మీరేం చేస్తారు అని. సగటున అసలు దానికంటే 2.8 రెట్లు తక్కువగా ఊహించారు. చిన్న వస్తువుల దగ్గర ఊహ కాస్త అటూఇటూగా ఉంటుంది, పెద్దవాటి దగ్గరకొచ్చేసరికి ఘోరంగా తప్పుతుంది. పొదుపు అనగానే ఎక్కువమందికి తట్టింది ఆర్పేయడం, తగ్గించుకోవడం. మంచి యంత్రం కొనడం తట్టినవాళ్ళు తక్కువ. మీ నాన్నగారు నిజాంపేటలో కాకుండా అమెరికాలో ఉన్నా అదే చెప్పేవారు.

సెక్రటరీ గారూ, మీ లిస్టులో నాకు కనబడేది ఫ్యాన్లు. పాత ఫ్యాను 75 వాట్లు, బీఎల్‌డీసీ అనే కొత్తరకం మోటారు ఫ్యాను 30 దగ్గర. అవి మారిస్తే 80 కాస్తా 32.

పైసా_వసూల్ | మే 25, ఉదయం 10:25

నేను లెక్క కట్టాను. ఫ్యాన్లలో 48 మిగిలాయి. ఫ్రిజ్ మారిస్తే ఇంకో 33 అనుకుందాం. 287 లోంచి 81 తీస్తే 206.

అంటే ఆరు యూనిట్లు తగ్గిస్తే 200. ఆ ఆరింటి విలువ 246 రూపాయలు. అవి ఎక్కడ దొరుకుతాయి? లైట్లలో!!

నాన్నగారే గెలిచారు.

నిజాంపేట_సెక్రటరీ | మే 25, ఉదయం 10:31

😂 ఏడు యూనిట్ల లైట్లలో ఆరు మిగలాలంటే చీకట్లో అన్నం తినాలండీ. అయినా ఈ పోస్టు ఆయనకి చూపిస్తే ఊరంతా చెప్పుకుంటారు.

సీమ_పల్లె | మే 26, రాత్రి 7:50

అందరూ పొదుపు గురించే మాట్లాడతాండారు, నేను వేరే మాట చెప్తా. మాది అనంతపురం జిల్లాలో ఒక పల్లె. మా అమ్మవాళ్ళింట్లో నెలకు 45 యూనిట్లు కూడా కావు. మీ లెక్కలో మా అమ్మ ఈ దేశంలోనే పెద్ద పొదుపరి. అది పొదుపు కాదు సార్. రాత్రి ఉక్కకు మిద్దె మీద పండుకుంటాది కాబట్టి ఏసీ లేదు, అంతే.

గ్యాసు సంగతీ అంతే. 1999లో దీపం పథకం కింద సిలిండర్ వచ్చినప్పుడు మా వీధిలో పండగ. ఇప్పుడు ఉజ్వల. కానీ మా ఇంట్లో కట్టెల పొయ్యి ఆరిపోలేదు. కుక్కర్, టీ గ్యాసు మీద. నీళ్ళు కాగేది, రొట్టెలు కాల్చేది కట్టెల మీద. కట్టెలు చేనులో ఊరికే దొరుకుతాయి, సిలిండర్‌కు దుడ్డు ఒక్కసారే కట్టల్ల. ఒకసారి సర్వే చేసేవాళ్ళు వచ్చి "గ్యాస్ ఉందా" అన్నారు, ఉందంటే టిక్ కొట్టుకొని పోయినారు. పొయ్యి పక్కనే మండుతాంది.

సగటు_మనిషి | మే 26, రాత్రి 9:15

సీమ గారూ, ఈ మొత్తం థ్రెడ్‌లో అవసరమైన పోస్టు ఇదే. ఆ టిక్కు గురించి మా రంగంలో వాళ్ళే చాలా మొత్తుకున్నారు. సీఈఈడబ్ల్యూ అనే పరిశోధన సంస్థ 2020లో 21 రాష్ట్రాల్లో సుమారు 15 వేల ఇళ్ళు తిరిగి చేసిన సర్వేలో "ఉందా" అని మాత్రమే కాకుండా "ఇంకా ఏం వాడతారు" అని కూడా అడిగారు. గ్యాసు ఉన్న ఇళ్ళు 85 శాతం. కట్టెలు, పిడకల్లాంటివి ఒట్టిగానో గ్యాసుతో కలిపో వాడుతున్న ఇళ్ళు 54 శాతం. ఈ రెండు అంకెలు కలిసి వందకు ఎందుకు మించాయో మీ అమ్మగారి వంటిల్లే చెబుతోంది.

నేను పైన చెప్పిన అధ్యయనాలు దాదాపు అన్నీ, తిండికీ వెచ్చదనానికీ లోటులేని ఇళ్ళలో జరిగినవి. అది ఒప్పుకుంటాను.

నిజాంపేట_సెక్రటరీ | మే 31, రాత్రి 8:00

ఒక ఐడియా. 20 ఫ్లాట్ల యూనిట్లూ ఒక కాగితం మీద రాసి లిఫ్టులో అతికిస్తే? ఎక్కువ వాడినవాళ్ళ పేరు ఎర్ర ఇంకుతో. సిగ్గుతోనైనా తగ్గిస్తారు.

పద్మజ_కాకినాడ | మే 31, రాత్రి 8:12

ఆ పని చేశారంటే వచ్చే నెల సెక్రటరీ మీరు కాదు. ఒకరింటి కరెంటు వాడకం చూస్తే ఇంట్లో ఎవరున్నారో, ఎప్పుడు ఊరెళ్ళారో తెలిసిపోతుంది. దొంగలకి క్యాలెండర్ అచ్చేసి ఇచ్చినట్టు. అసలు స్లిప్పులు చూడటమే తప్పు మీరు.

నిజాంపేట_సెక్రటరీ | మే 31, రాత్రి 8:20

నిజమేనండీ. తప్పు ఒప్పుకుంటున్నాను. ఇకపై మడతపెట్టి, చూడకుండా ఇస్తాను. మీకు చెప్పిన ఫ్లాట్ నంబర్లు కూడా అసలువి కావు లెండి, మార్చే రాశాను.

సగటు_మనిషి | జూన్ 1, ఉదయం 9:00

పద్మజ గారితో పూర్తిగా ఏకీభవిస్తూ, అది పారదు కూడా అంటాను. కాలిఫోర్నియాలోని శాన్ మార్కోస్‌లో దాదాపు 290 ఇళ్ళ తలుపులకు కాగితాలు తగిలించి చూశారు, 2007లో అచ్చైంది. మీ వాడకం ఇంత, మీ వీధి సగటు ఇంత. ఎక్కువ వాడేవాళ్ళు తగ్గించారు. తక్కువ వాడేవాళ్ళు? "ఓహో, మనం అనవసరంగా కడుపు కట్టుకుంటున్నాం" అనుకుని పెంచారు! ఇద్దరూ సగటు వైపు జరిగారు. తక్కువ వాడినవాళ్ళ కాగితం మీద ఒక నవ్వు మొహం గీస్తే ఆ పెరుగుదల చాలావరకు ఆగింది. ఒక చిన్న నవ్వు మొహం.

దీన్నే పెద్దయెత్తున చేసిన ఓపవర్ అనే అమెరికా కంపెనీ నివేదికల మీద హంట్ ఆల్కాట్ అనే ఆర్థికవేత్త 2011లో లెక్క తేల్చాడు. సుమారు 6 లక్షల ఇళ్ళు, సగటు తగ్గుదల 2 శాతం. చిన్నదే, కానీ కాగితం ఖర్చు మాత్రమే.

ఎడిసన్_కాదు_ఈస్ట్‌విండ్సర్ | జూన్ 1, సాయంత్రం 6:15

ఆ కాగితం నాకూ వస్తుంది! "మీ పొరుగువారి కంటే మీరు ఎక్కువ" అని బార్ గీసి మరీ. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి బేస్‌మెంట్‌లో పాత ఫ్రిజ్ తీసేశాను. మూడోసారి నుంచి చెత్తబుట్టలోకే. ఎందుకంటే మా పొరుగువారింట్లో అమ్మ లేదు.

సగటు_మనిషి | జూన్ 1, రాత్రి 8:00

😀 మన దగ్గరా ఒకటుంది. అనంత్ సుదర్శన్ దిల్లీ పరిసరాల అపార్ట్‌మెంట్లలో వారంవారం పొరుగుతో పోల్చిన చీటీలు ఇచ్చి చూశాడు. వేసవి వాడకం 7 శాతం తగ్గింది. ఇంకో గుంపుకి చీటీతో పాటు డబ్బు బహుమతి కూడా పెట్టాడు. వాళ్ళు ఇంకా ఎక్కువ తగ్గించాలి కదా? తగ్గించలేదు, చీటీ ప్రభావం కూడా కనబడకుండా పోయింది. పరువు లెక్కలోకి డబ్బు వచ్చి కూర్చుంటే "ఆ డబ్బు నాకక్కర్లేదులే" అని ఏసీ వేసుకోవచ్చు మరి.

కాబట్టి, అడిగి ఒప్పుకున్నవాళ్ళకే, ఎవరి చీటీ వాళ్ళకి, మడతపెట్టి. ఎర్ర ఇంకు వద్దు.

నిజాంపేట_సెక్రటరీ | జులై 6, రాత్రి 9:10

చేశాం! 18 ఇళ్ళు ఒప్పుకున్నాయి, రీడింగు వాళ్ళే పంపారు. చీటీలు ఇచ్చాను. ఏప్రిల్‌తో పోలిస్తే జూన్‌లో 18 ఇళ్ళ మొత్తం నాలుగో వంతు తగ్గింది!!

లైన్‌మన్_కొడుకు | జులై 6, రాత్రి 9:18

అన్నా, జూన్‌ల వానలు పడ్డయి.

కంప్రెసర్_కృష్ణ | జులై 6, రాత్రి 9:20

జూన్‌లో నాకూ గిరాకీ తగ్గింది. నేనేం చీటీలు పంచలేదు.

నిజాంపేట_సెక్రటరీ | జులై 6, రాత్రి 9:45

😶 మరి ఎలా తెలిసేది?

సగటు_మనిషి | జులై 6, రాత్రి 10:05

సగం మందికి ఇచ్చి, సగం మందికి ఇవ్వకుండా ఉండాల్సింది. ఎవరికివ్వాలో లాటరీ తీయాలి, మీకు నచ్చినవాళ్ళకి కాదు. వాన ఇద్దరి మీదా పడుతుంది, కాబట్టి తేడా మిగిలితే అది చీటీదే. 18 ఇళ్ళంటే మరీ తక్కువ, గట్టి మాట చెప్పలేం. అయినా చూడొచ్చు.

నిజాంపేట_సెక్రటరీ | జులై 9, సాయంత్రం 7:00

తీశాం. తంబోలా డబ్బాలో నంబర్లు వేసి పిల్లలతో తీయించాను. తొమ్మిది ఇళ్ళకి చీటీ వస్తుంది, తొమ్మిదింటికి రాదు. వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టేశాను: "మన బిల్డింగులో కరెంటు వాడకం మీద అధ్యయనం జరుగుతోంది, అందరూ సహకరించగలరు" అని.

సగటు_మనిషి | జులై 9, రాత్రి 7:22

గ్రూపులో పెట్టేశారా?

2013లో అచ్చైన ఒక ప్రయోగం ఉంది. అమెరికాలో కొన్ని వేల ఇళ్ళు. సగం ఇళ్ళకి నెలపాటు వారానికొక పోస్టుకార్డు పంపారు. అందులో సలహా లేదు, సగటు లేదు, నవ్వు మొహం లేదు. "మీరు కరెంటు వాడకంపై జరిగే ఒక అధ్యయనంలో ఉన్నారు" అని మాత్రమే. వాడకం 2.7 శాతం తగ్గింది. కార్డులు ఆపేశాక మళ్ళీ మామూలే.

నిజాంపేట_సెక్రటరీ | జులై 9, రాత్రి 7:25

అంటే ఇప్పుడు చీటీ రాని తొమ్మిదిళ్ళు కూడా...

పద్మజ_కాకినాడ | జులై 9, రాత్రి 7:31

ఆ తొమ్మిదిళ్ళే కాదు, మిమ్మల్ని చూసి నేను కూడా నెలన్నరగా పూజగది ఫ్యాను ఆపిస్తున్నాను. నన్ను ఏ గుంపులో వేస్తారు?

నిజాంపేట_సెక్రటరీ | జులై 9, రాత్రి 7:40

గ్రూపులో ఆ మెసేజ్ డిలీట్ కొడదామని వెళ్ళాను. అప్పటికే 14 మంది చూశారు, ఇద్దరు బొటనవేలు పెట్టారు, నాన్నగారు "మంచి పని, ముందు లైట్లు ఆర్పండి" అని రాశారు. అడ్మిన్లకు మనవి, థ్రెడ్ లాక్ చేయకండి. ఆగస్టు బిల్లులు వచ్చాక మళ్ళీ వస్తాను.